పంపమను మాట

(చిత్తూరునందు చేసిన కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసము)



స్మారకోపన్యాసమునకు విషయమును ఎన్నుకొనవలసివచ్చినప్పుడు వక్త యెదుట రెండు త్రోవలుండును. దివంగతుని గుణగణములను వర్ణించి కూర్చుండుట యొకటి. ఆయన మన నడుమ నుండినచో ఏ ప్రశ్నను పట్టుకొని మనలను నిలదీసియుండునో ఆ ప్రశ్నను ఆయన పేర మరల నెత్తుకొనుట రెండవది. కవిగాను, విమర్శకుడుగాను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షుడుగాను రామలింగారెడ్డిగారిని మీరందఱు ఎఱుగుదురు. తెలుగున అర్థశాస్త్రమును రచించిన రామలింగారెడ్డిగారిని ఎఱిగినవారు మనలో కొంచెము తక్కువ. నేనీనాడు ఆ రెండవ రామలింగారెడ్డిగారిని మనసునందుంచుకొని మాటలాడ దలచితిని.

ఆయన 1880 డిసెంబరు 10వ తేదీన ఈ యూరికి చేరువనే యున్న కట్టమంచిలో జన్మించిరి. అప్పటికి చిత్తూరు జిల్లా యను పేరు లేదు. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆయన విద్యార్థిగా కేంబ్రిడ్జికి చేరి, అచటి విద్యార్థుల చర్చాసభకు ఉపాధ్యక్షుడై మనకు కీర్తి తెచ్చిన కాలమునందే, ఆ జిల్లావారే మఱికొందఱు మఱియొక తీరున సముద్రయానము చేయుచుండిరి. వారికి స్వాగతము పలికిన సభలు లేవు. వారి పేర్లు ఓడజాబితాలలో మాత్రము వ్రాయబడినవి.

ఆ జాబితాలు చాలవఱకు నేటికిని నిలిచియున్నవి. దక్షిణాఫ్రికాలోని నాటాలు దేశమునకు 1860 మొదలు 1911 వఱకు పోయిన 1,52,184 మంది కూలీలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస కేటాయింపబడినది: పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముమీది గుర్తు. వీరిలో ఇంచుమించు మూడింట రెండుపాళ్లవారు మద్రాసురేవున ఓడనెక్కినవారు. అట్లెక్కినవారి జిల్లాలను లెక్కించిచూచిన చరిత్రకారులు మొదటి వరుసలో నుంచిన పేరు ఉత్తర ఆర్కాడు. విశాఖపట్టణము, గోదావరి జిల్లాల పేర్లును ఆ లెక్కలో ఘనముగనే కనబడును. 1903లో మద్రాసునుండి ఫిజీదీవులకు కూలీలను పంపుట మొదలై, 1916 వఱకు పదునైదువేలకు పైగా జనము పోగా, ఆ పట్టికలో సైతము మన జిల్లాయే ముందు నిలిచినది. ప్రతి వరుసలోను నుదుటి మచ్చ, మోకాలి గాయము శ్రద్ధగా వ్రాసికొన్న ప్రభుత్వమునకు, ఆ మనిషి యేల పోవుచున్నాడను గడి మాత్రము ఆ కాగితమున అక్కఱలేకపోయెను.

ఏల పోయిరి? మనది నదులకంటె చెఱువులను నమ్ముకొన్న సీమ. వాన తప్పినచో చెఱువెండును. చెఱువెండినచో మడి బీడగును. మడి బీడైనచో మొదట వీథిని పడువాడు రైతుకంటె ముందు రైతుక్రింద పాటుపడు పాలికాపు. 1876–78 సంవత్సరములలో, మన పెద్దలు 'ధాత కఱవు' అని తలచుకొనిన ఆ మహాక్షామమున, మద్రాసు రాజధానిలో ముప్పదియైదు లక్షలమంది వఱకు మడసిరని అంచనా. కఱవుపనులలో కూలికి దినమునకొక పౌను ధాన్యము చాలునని దొరతనమువారు లెక్కగట్టిన కాలమది. దానికి ఇరువదియేండ్లకు ముందే, 1856లో, దక్షిణదేశమునందు మొదటి రైలుదారి మద్రాసు రాయపురమునుండి ఆర్కాడు సీమకు వచ్చిచేరినది. ఆకలి ఊరిలోనుండెను, దారి ఊరిప్రక్కకు వచ్చెను, ఆ రెంటిని కలుపుటకు మేస్త్రీ యనువాడు సంతలోను సత్రమునందును కాచియుండెను. నెలకు పది షిల్లింగులు, అనగా ఆనాటి మారకమున అయిదు రూపాయలు, తిండి, బట్ట, అయిదేండ్ల గడువు: ఇది నాటాలు ఒప్పందము. ఒప్పందమను అర్థముగల ఆంగ్లపదమే మనవారి నోట నలిగి 'గిర్మిటు' అయినది.

రామలింగారెడ్డిగారు చిన్నతనముననే 'ముసలమ్మ మరణము' వ్రాసిరి. నీరు నిండి, కట్ట తెగబోవుచుండగా ఊరిని కాపాడుటకు తన ప్రాణమునర్పించిన కోడలి కథ యది. కట్ట తెగబోవు చెఱువునకు ఒక్క బలి చాలెనని కథ చెప్పుచున్నది. నీరే లేక యెండిన చెఱువునకు ఎందఱిని బలియిచ్చినను చాలలేదని ఆ ఓడజాబితాలు చెప్పుచున్నవి.

ఇట్టి వలసను అరికట్టుటకుగాని, అదుపులోనుంచుటకుగాని రాజ్యములు రాజ్యములతో నడపిన రాయబారములను గూర్చి నేనీనాడు విన్నవించెదను. రాయబారమనగానే తెలుగువానికి తోచునది ఉద్యోగపర్వము. అందు రాయబారములు ఒక్కటిగాక పెక్కు గలవు. సంజయుడు పాండవులయొద్దకు వచ్చి పలికిన పలుకులందు మాధుర్యమునకు కొదువ లేదు. కాని ఆయన చేతిలో ఒక్క యూరైనను లేదు. శ్రీకృష్ణుడు కౌరవసభకు పోయినపుడు, అన్యాయమునకు గురియైనవారి పక్షమున, వారి మాటగా, వారు పంపగా పోయెను. కూలివలసల విషయమున పందొమ్మిదవ శతాబ్దమునందు జరిగిన రాయబారములలో అత్యధికభాగము సంజయ రాయబారములే యని నా యభిప్రాయము. అది ఏల యట్లు చెప్పవలసివచ్చెనో వరుసగా మనవి చేసెదను.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము 1834లో చట్టరీత్యా రద్దయినది. చెఱకుతోటలకు చేతులు కావలెను గనుక ఆ యేడాది నవంబరులోనే ముప్పదియారుగురు కూలీలను కలకత్తానుండి మారిషసు దీవికి దింపిరి. 1838లో బ్రిటిషు గయానాకు రెండు ఓడలు పోయినవి. అచట కూలీలు పడిన పాట్లు లండనులో బానిసత్వ విరోధులకు తెలిసి అలజడి పుట్టగా, 1839లో భారతప్రభుత్వము సముద్రాంతర వలసను సంపూర్ణముగా నిషేధించినది. ఆ నిషేధము మారిషసు విషయమున 1842 వఱకు, వెస్టిండీసు దీవుల విషయమున 1844 వఱకు మాత్రమే నిలిచినది. తోటల యజమానుల ఒత్తిడికి తలుపులు తెఱచి, తెఱచిన తలుపునొద్ద ప్రొటెక్టరు అను ఒక యుద్యోగిని కూర్చుండబెట్టిరి. అప్పటినుండి డెబ్బదియేండ్లకు పైగా నడచిన కథ యంతయు ఆ 1839 నాటి 'పంపము' అను మాటకును, 1842 నాటి 'పంపెదము, కాని కాపాడెదము' అను మాటకును నడుమ జరిగిన పెనగులాటయే.

ఇక పరరాజ్యముల విషయము. ఇందు తెలుగువారి కథ ఆంగ్లేయుల కూలివలసలకంటె పాతది. 1828లోనే, అనగా బానిసత్వము రద్దు కాకమునుపే, గోదావరీ తీరమున ఫ్రెంచివారి క్రిందనున్న యానామునుండి పదునైదుగురు తెలుగువారు రీయూనియను దీవికి కూలీలుగా పోయిరి. ఫ్రెంచివారు తమ కాగితములలో వీరిని 'తెలింగా'లని వ్రాసికొనిరి. 1848లో ఫ్రాన్సు తన వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేసిన పిదప ఆ దారి విశాలమైనది. పుదుచ్చేరి, కారైకాలు, యానాము: ఈ మూడు ఊళ్లలో నున్న జనమంతయు కలిసినను ఆ దీవుల ఆకలి తీరదు. కావున ఆ కూలీలు నిజమునకు ఆంగ్లేయుల సీమనుండి ఎల్లదాటి వచ్చినవారే. మేస్త్రీలు మాయమాటలతో తెచ్చిరనియు, తల్లిదండ్రులకు తెలియకుండ బిడ్డలను తరలించిరనియు ఫిర్యాదులు ఎన్నియో వచ్చినను, ఎల్లకు ఆవలనున్న డిపోలో ఆంగ్లేయాధికారి మాట చెల్లదు.

ఆ చిక్కు తీర్చుటకు 1860 జూలైలో రీయూనియను మట్టునకును, 1861 జూలై 1వ తేదీన తక్కిన ఫ్రెంచి వలసరాజ్యములకును వర్తించునట్లు లండను, పారిసు ప్రభుత్వములు ఒడంబడికలు చేసికొన్నవి. ఈ ఒడంబడిక పుట్టుక విచిత్రమైనది. ఫ్రెంచివారప్పటికి ఆఫ్రికా తీరమునుండి 'స్వేచ్ఛాకూలీలు' అను పేర నల్లవారిని కొనితెచ్చుచుండిరి. అది పేరుమార్చిన బానిసవ్యాపారమేయని ఆంగ్లేయులు ఆక్షేపించిరి. దానిని మానుకొనుటకు మూడవ నెపోలియను చక్రవర్తి అడిగిన ప్రతిఫలము భారతీయ కూలీలు. ఆఫ్రికావానిని విడిపించుటకు హిందూదేశపువాని పేరు తక్కెడలో పెట్టబడినది. ఈ తక్కెడ పట్టినవారిలో నల్లవాడును లేడు, మనవాడును లేడు.

అయినను ఆ ఒడంబడికను చదివినవారికి అది నిర్దయులు వ్రాసినట్లు తోచదు. గడువు అయిదేండ్లకు మించరాదు. వారమునకు ఆరుదినములు, దినమునకు తొమ్మిదిన్నర గంటలకు మించి పని చేయింపరాదు. గడువు తీరినవానిని తిరుగుప్రయాణపు ఖర్చు భరించి పంపవలెను. కూలి కోరినప్పుడు ఆంగ్లేయ కాన్సలు నొద్దకు పోయి మొఱపెట్టుకొనవచ్చును. ఇన్ని రక్షణలకు చివర, దాదాపు మాటవరుసకన్నట్లు, మఱియొక షరతు: రక్షణలు సరిగా జరుగుటలేదని తోచినచో, ఏ వలసరాజ్యమునకైనను కూలీలను పంపుట నిలిపివేయు అధికారము భారతదేశపు గవర్నరు జనరలునకు ఉండును.

ఆర్యులారా, ఈ యొడంబడికలో పనిచేసినది ఆ చివరి షరతొక్కటే. తోట ఎచటనో, కాన్సలు పట్టణమున ఎచటనో. కాన్సలును చూడబోయిన కూలి సెలవులేక తోట విడిచిన నేరమునకు దేశద్రిమ్మరియని పట్టుబడును. 1877లో రీయూనియనులో విచారణ జరుపుటకు ఉభయరాజ్యములు కలిసి ఒక సంఘమును నియమించినవి: ఫ్రెంచి నౌకాదళమునుండి మియో, ఆంగ్లేయపక్షమున మద్రాసు సైన్యములో పనిచేసిన గోల్డ్‌స్మిడ్. అధికగంటల పని, చేతికందని జీతములు, గడువు తీరినను విడువక మరల ఒప్పందమున బిగించుట వెల్లడియైనవి. సంస్కరణలకై అయిదేండ్లు ఉత్తరములు నడచినవి. తుదకు 1882 నవంబరులో భారతప్రభుత్వము రీయూనియనునకు కూలీలను పంపుట నిలిపినది. ఫ్రెంచి గయానాకు చావులు మిక్కుటమగుటచే 1876లోనే నిలిపియుండిరి. గ్వాడలూపు దీవికి 1888లో నిలిపిరి. కాపాడుదమను వాక్యములు ఇరువది సంవత్సరములు ప్రయత్నించి చేయలేనిదానిని పంపమను వాక్యము ఒక్క దినమున చేసినది.

డచ్చివారితో 1870లో కుదిరిన ఒడంబడిక ననుసరించి 1873లో సూరినాముకు మొదటి ఓడ పోయినది. అదియు ఇదే మాదిరిది, విస్తరించుట అనవసరము. దానికంటె మనము గమనింపదగినది అదే కాలమున చైనా, జపానులు చేసినపని. 1872లో మకావునుండి పెరూదేశమునకు చీనా కూలీలను తీసికొనిపోవు 'మరియా లూజ్' అను ఓడ తుపానుతాకిడిచే యొకోహామా రేవునకు చేరగా, ఒక కూలి సముద్రమున దుమికి ఆంగ్లేయ యుద్ధనౌకకు ఈదుకొనిపోయెను. జపాను అధికారులు విచారణ జరిపి ఓడలోని కూలీలనందఱిని విడిపించిరి. పెరూ అభ్యంతరముపై రష్యా చక్రవర్తి మధ్యవర్తియై 1875లో జపానుదే న్యాయమని తీర్పుచెప్పెను. 1874లో చైనాప్రభుత్వము తన సొంత విచారణసంఘమును క్యూబా దీవికి పంపి, వేయిమందికి పైగా కూలీల వాఙ్మూలములను కూలీల నోటనే వినిపించుకొన్నది. ఆ రాజ్యములు బలమైనవి కావు. కాని జపాను తన రేవునకు వచ్చినవారిని గూర్చి, చైనా తనవారిని గూర్చి తామే అడిగినవి. అడుగుటకు మనకప్పుడు మన రాజ్యమే లేదు.

నాటాలునకు మొదటి ఓడ 'ట్రూరో' 1860లో మద్రాసున బయలుదేరి నవంబరు 16న డర్బను చేరినది. అందు 342 మంది. 1866లో నాటాలున వ్యాపారము మందగించి కూలీలను తెప్పించుట ఆగినది. 1871లో గడువు తీరి మద్రాసునకు తిరిగివచ్చినవారు దిగిన రేవునందే తమ కష్టములను అధికారులకు చెప్పుకొనిరి: జీతములు కోతలుపడినవి, కొట్టిరి, చెప్పినది చేయలేదు. ఈ సామాన్యుల మొఱయే మన కథలో మొదటి నిజమైన రాయబారము. దానిని విని భారతప్రభుత్వము, లోపములు దిద్దువఱకు పంపమన్నది. పంపమన్నంతనే నాటాలు 1872లో విచారణసంఘమును వేసెను, చట్టములు మార్చెను, వలసదారుల రక్షకుడను ఉద్యోగిని నియమించెను. 1874లో ఓడలు మరల సాగినవి. ఆపినంతకాలమే నాటాలు వినయముగా నుండెను.

1875లో భారతమంత్రి సాలిస్‌బరీ ప్రభువు, వలసలను ప్రభుత్వమే ప్రోత్సహింపవలెననియు, గడువు తీరి అచట నిలిచిన భారతీయులకు తక్కిన ప్రజలతో సమానమగు స్వేచ్ఛ ఉండవలెననియు లేఖ వ్రాసెను. 1877లో, సరిగా మన జిల్లాలో ధాత కఱవు ఉధృతముగా నున్న వేళ, భారతప్రభుత్వము తాము ప్రోత్సహింపమనియు, అడ్డుపడమనియు, తటస్థులమనియు బదులుచెప్పినది. ఆకలిగొన్న మనిషికిని, వానికై కాచియున్న మేస్త్రీకిని నడుమ నిలిచి తటస్థుడననువాడు ఎవని పక్షమో మీరే నిర్ణయింపుడు.

1893–94లో నాటాలు ప్రతినిధులు బిన్సు, మేసను అనువారు కలకత్తాకు వచ్చి, గడువు తీరిన కూలి మరల ఒప్పందములో చేరవలెను, లేదా దేశమునకు తిరిగిపోవలెను, లేదా ఏటేట ఇరువదియైదు పౌన్ల పన్ను కట్టవలెనని కోరిరి. వైస్రాయి ఎల్గిను ప్రభువు బేరమాడి మూడు పౌన్లకు దించి సమ్మతించెను. అయిదవయేట కూలికి నెలజీతము పదునాలుగు షిల్లింగులు. మూడు పౌన్లనగా అఱువది షిల్లింగులు. నాలుగునెలల చెమటకు మించిన సొమ్ము. పదునాఱేండ్ల మగపిల్లవానికిని, పదుమూడేండ్ల ఆడపిల్లకును ఇదే పన్ను. ఓడలను ఆపు అధికారము చేతనుండగా వైస్రాయి దానిని వాడక, ధర తగ్గించితినని తృప్తిపడెను. 1896 అక్టోబరులో మద్రాసు పచ్చయప్ప మందిరమున గాంధీగారు దక్షిణాఫ్రికా భారతీయుల దుఃస్థితిని వివరించినపుడు, మద్రాసు రాజధాని తన బిడ్డలను గూర్చి తానుగా వినుట ప్రారంభించినది.

ఇచటినుండి రాయబారపు స్వరూపము మారినది. 1910 ఫిబ్రవరి 25న గోఖలేగారు వైస్రాయి శాసనసభలో, నాటాలునకు కూలీల నియామకమును నిషేధింపవలెనని తీర్మానము తెచ్చిరి. ప్రభుత్వము దానినంగీకరించి, చట్టము సవరించి, 1911 జూలై 1వ తేదీనుండి నాటాలునకు కూలీలను పంపుట నిలిపినది. ఇచట ఒక చిన్న తేదీని మీ దృష్టికి తెచ్చెదను. అదే 1911లో ఏప్రిలు 1వ తేదీన ఉత్తర ఆర్కాడు తెలుగు తాలూకాలను, కడపజిల్లానుండి మదనపల్లె, వాయల్పాడులను కలిపి మన చిత్తూరు జిల్లాను ఏర్పఱచిరి. నడుమ మూడు మాసములు. నాటాలు పుస్తకములలో మన జిల్లా పేరు వ్రాయుట అలవాటు కాకమునుపే ఆ పుస్తకము మూతపడినది.

తక్కిన దేశముల విషయమున కార్యము అంత సులభముగా కాలేదు. 1912 మార్చి 4న గోఖలేగారు ఒప్పందకూలిని సర్వత్ర రద్దుచేయవలెనని తెచ్చిన తీర్మానము 33కు 22 ఓట్లతో ఓడినది. 1913లో ప్రభుత్వము పంపిన మెక్‌నీలు, చిమ్మన్‌లాలుగార్లు దీవులన్నియు తిరిగివచ్చి, లోపములున్నను మొత్తముమీద మేలే యని నివేదించిరి. కాని అదే సంవత్సరము దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహము చెలరేగి, గనులలోను తోటలలోను వేలకొలది కూలీలు పని మానగా, నవంబరులో మద్రాసులో మాటలాడిన హార్డింజి ప్రభువు, వైస్రాయియై యుండియు, ఆ సత్యాగ్రహులయెడ బహిరంగముగా సానుభూతి చూపెను. 1914లో మూడు పౌన్ల పన్ను పోయినది. ఆండ్రూసు, పియర్సనుగార్లు ఫిజీకి పోయి, అచటి కూలీల స్థితిని గూర్చిన తమ నివేదికను 1916లో లోకమునకందించిరి. ఆ యేడు మార్చిలో ఒప్పందకూలి రద్దుకై మాలవీయపండితుడు తెచ్చిన తీర్మానమును ప్రభుత్వమే సూత్రప్రాయముగ అంగీకరించినది. 1917 మార్చి 12న, యుద్ధకాలపు ఉత్తరువుగా, కూలీలను పంపుట ఆగినది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందములును రద్దయినవి.

ఆ పిదప జరిగిన కొన్ని సంగతులను చెప్పక విడువజాలను. 1922లో బ్రిటిషు గయానా మరల భారతీయులను కోరగా, పరిస్థితులు పరీక్షించుటకు పోయిన ప్రతినిధులలో గుత్తినుండి వెళ్లిన దివాన్ బహదూర్ పట్టు కేశవపిళ్ళెగారు ఒకరు. 1885లో బొంబాయి ప్రథమ కాంగ్రెసు సభకు హాజరైన మన రాయలసీమ న్యాయవాది ఆయన. అదే యేడు ఫిజీకి పోయిన ప్రతినిధివర్గమునకు పెద్ద విశాఖపట్టణపు వెంకటపతిరాజుగారు. 1929లో దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వపు ఏజెంటుగా శ్రీనివాసశాస్త్రిగారి స్థానమున నియమితులైనది ఏలూరివారైన సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు. ఆయన అచటనున్న కాలముననే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభ పుట్టినది. మేస్త్రీ పిలుపున ఓడనెక్కిన తెలుగువాని బిడ్డలను, తెలుగువాడే రాయబారియై పోయి కలిసికొనుటకు డెబ్బదియేండ్లు పట్టినది.

ఇంతయు చెప్పి నేను తేల్చునదేమి? దుర్బలుని పక్షమున బలవంతులు వ్రాసికొను ఒడంబడికలు వ్యర్థములని నేననను. తొమ్మిదిన్నర గంటలని కాగితమున లేకున్నచో తోటయజమాని పదునాలుగు గంటలు చేయించెనని నిరూపించుట కష్టమై యుండెడిది. కాని ఆ కాగితములకు ప్రాణము వచ్చినది రెండుతావులనే: కూలి తానే తిరిగివచ్చి రేవున నోరుదెఱచిన చోటను, పంపువాడు 'పంపము' అన్నచోటను. ఆ మాట సాహసించి అనవలెనన్న, ఊరిలో చెఱువు నిండియుండవలెను. పాలికాపునకు పని దొరకవలెను. లేకున్న 'పంపము' అన్న ప్రభుత్వమును త్రోసికొని ఆకలియే పంపును. రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రమునకును, సంధివిగ్రహములకును ముడి ఇచటనే యున్నది: విదేశనీతికి మొదటి ప్రకరణము చెఱువుకట్ట.

విద్యార్థులకు నాదొక కోరిక. ఆ ఓడజాబితాలలో చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాల పేరిటనున్న వరుసలను వెదకి, ఊరిపేరు, మనిషిపేరు, తండ్రిపేరు తెలుగులిపిలో ఎత్తివ్రాసి, ఏ యూరివారిని ఆ యూరి గ్రంథాలయమున ఉంచుడు. ఒడంబడికలు వ్రాసిన దొరల పేర్లు పుస్తకములలో నున్నవి. వీరివి మనము వ్రాయవలెను.